బిడ్డ పబ్లిక్ పాలసీ చదువుతానంటోంది, అర ఎకరం అమ్మాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. ఎరువుల దుకాణం నడుపుతాను. పెద్దబ్బాయి ఇంజనీరింగ్ చేసి హైదరాబాద్‌లో ఉన్నాడు. అమ్మాయి నల్గొండలో ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌తో బీఏ పూర్తిచేసింది. గ్రూప్స్ కోచింగ్‌కు అశోక్‌నగర్ పంపుదామనుకుంటే, ఒక ప్రైవేటు సంస్థలో పబ్లిక్ పాలసీ పీజీ చేస్తానంటోంది. హాస్టల్‌తో కలిపి పది లక్షలు దాటుతుంది. అర ఎకరం అమ్మాలి. రెండేళ్లలో పెళ్లి కూడా చూడాలి. అది పెద్దోళ్ల పిల్లల చదువని మా బావమరిది అంటున్నాడు. గ్రూప్స్ మంచిదా, ఇది మంచిదా పోల్చి చెప్పండి.

జవాబు: అన్నా, పోలిక తప్పకుండా చెబుతాను. కానీ మీ ఉత్తరం చదివితే అసలు భయం ఉద్యోగం గురించి కాదనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది గానీ భయం మారదు. గ్రూప్స్ రాస్తూ నాలుగేళ్లు పోగొట్టుకున్న పిల్లను ఊళ్లో ఎవరూ తప్పుపట్టరు. 'కష్టపడింది పాపం, అదృష్టం లేదు' అంటారు. తండ్రి మీదికి మాట రాదు. అదే ఎవరూ పేరు వినని కోర్సులో చేరి ఉద్యోగం రాకపోతే 'భూమి అమ్మి మరీ చదివించిండు' అంటారు. మీ టెన్షన్ ఆ మాట గురించే. అది తప్పనను. ఊళ్లో దుకాణం పెట్టుకుని బతికేవాళ్లకు ఊరి మాట పట్టింపే. కాకపోతే ఆ పట్టింపుతో బిడ్డ చదువు తేల్చకండి.

గ్రూప్స్ నికరమైన దారి అన్న నమ్మకం కూడా కాస్త సడలించుకోండి. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో 503 పోస్టులకు వచ్చింది. ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకేజీతో రద్దయింది, రెండోసారి కోర్టు తీర్పుతో రద్దయింది. 2024లో 563 పోస్టులతో మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఆ మధ్యకాలమంతా పిల్లలు చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ గదుల్లో కూర్చునే ఉన్నారు. పరీక్ష రాయొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. అది కూడా పందెమేనని మీకు తెలియాలి, అంతే.

ఇక పబ్లిక్ పాలసీ, అంటే సర్కారు విధానాలు ఎలా పుడతాయి, ఎలా అమలవుతాయి అని చదవడం. ఈ చదువు ఏమిటో తెలియాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, మీ మర్రిగూడే చాలు. మీ నీళ్లలో ఎముకలు వంచే ఫ్లోరైడ్ ఉందని డాక్టర్లు నిజాం కాలంలోనే, 1940లలోనే గుర్తించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో తయారుచేసి, దానికి మన జిల్లా పేరే పెట్టింది. నల్గొండ టెక్నిక్‌ను ఆఫ్రికా దేశాల్లో కూడా వాడి చూశారు. అంటే జబ్బు తెలుసు, మందూ ఉంది. అయినా మీ తరం ఆ బోరు నీళ్లే తాగింది. ఎందుకు? సమస్య ఎంత పెద్దదైనా సర్కారు చేయాల్సిన పనుల వరసలోకి దానంతటది రాదు. ఎవరో ఒకరు దాన్ని తోసుకొచ్చి ముందు పెట్టాలి. మన దగ్గర ఆ పని 1996లో జరిగింది. ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో జనం గుంపులుగా నామినేషన్లు వేస్తే నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది అభ్యర్థులు మిగిలారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమైంది. దేశమంతా మన వైపు చూసింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి, ఈ సబ్జెక్టులో నాకు బాగా నచ్చేది ఇదే. జనం అడిగింది నీళ్లు. ముందుగా మారింది ఎన్నికల చట్టం. అదే ఏడు తమిళనాడులోని మొదకురిచ్చి అసెంబ్లీ స్థానంలోనూ వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. అలాంటివి చూశాక లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు, స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదించాలన్నారు. సర్కారుకు ఏది ఇబ్బందైతే అది తొందరగా మారింది. కృష్ణా నీళ్లు నల్గొండ దగ్గరి పానగల్ రిజర్వాయర్ మీదుగా కొన్ని ఊళ్లకు అందినా, ఇంటింటికీ నల్లా అన్న మాట గట్టిగా వినబడింది రాష్ట్రం వచ్చాకే. మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో లేచింది, తొలి దశ 2016 ఆగస్టులో మొదలైంది. అప్పటికే వంగిన ఎముకలకు మాత్రం ఏ పథకమూ మందు కాదు.

సమస్య, పరిష్కారం, రాజకీయం మూడూ వేటి దారిన అవి పారుతుంటాయని, మూడూ ఒకచోట కలిసిన కొద్దికాలమే విధానం మారే వీలు దొరుకుతుందని అమెరికా రాజనీతి పండితుడు జాన్ కింగ్డన్ 1984లో చెప్పాడు. ఈ కోర్సులో చాలా కాలేజీల్లో మొదట్లోనే ఇది వస్తుంది. నగరం పిల్లలు దాన్ని బట్టీ పడతారు. మీ బిడ్డ ఆ మూడింటినీ ఇంట్లోనే చూసింది.

ఇంకో సంగతి. నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదనను అమ్రాబాద్ వైపు చెంచులు, ఊళ్లవాళ్లు ఎప్పటి నుంచో వ్యతిరేకిస్తున్నారు. 2019లో హైదరాబాద్ విద్యార్థులు, సినిమావాళ్లు గొంతు కలిపారు, ఆ సెప్టెంబరులోనే అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. వద్దని ఆపించడానికి అంత సమయం పడితే, కావాలని తెప్పించుకోవడానికి మీ దగ్గర యాభై ఏళ్లు దాటింది. ఆపడానికి ఒక తీర్మానం చాలు. తేవాలంటే బడ్జెట్, పైపు, మోటారు, దాన్ని రోజూ నడిపే మనిషి కావాలి. పాలసీ పని అంటే ఎక్కువ భాగం ఈ రెండో రకం. ఫొటోలు పడని పని.

ఇప్పుడు నా అనుమానాలు. ఈ భాగం అమ్మాయి చేత కూడా చదివించండి. ఈ మధ్య ప్రైవేటు యూనివర్సిటీలు వరసగా పాలసీ స్కూళ్లు తెరుస్తున్నాయి. బ్రోచర్ మీద పార్లమెంటు బొమ్మ, లోపల 'దేశాన్ని మార్చండి' అన్న మాట. ఇరవై మూడేళ్లకు ఎవరూ దేశాన్ని మార్చరన్నా, పైవాళ్లకు పీపీటీలు చేసిపెడతారు. ఈ చదువు నిజంగా పనికొచ్చేది పదేళ్లు పనిచేసి వచ్చిన అధికారికి, లాయరుకు, విలేకరికి. వాళ్ల చేతిలో అప్పటికే ఒక విషయం ఉంటుంది. ఏ సబ్జెక్టూ గట్టిగా రాకుండా పాలసీ డిగ్రీ చేయడం విత్తనం వేయని చేనుకు యూరియా చల్లడం లాంటిది. ఆ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉద్యోగాలు లేవనను. ఉన్నాయి, ఎలాంటివో చూడండి. కన్సల్టెన్సీ తరఫున ఏదో ప్రభుత్వ శాఖలో కూర్చుని రిపోర్టులు రాయడం, ఎన్జీవోలు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు, ఎన్నికల ముందు పెరిగి తర్వాత మాయమయ్యే రాజకీయ సర్వే సంస్థలు. చాలావరకు ఏడాది కాంట్రాక్టులు. పథకం ముగిస్తే కుర్చీ కూడా పోతుంది. కాలేజీవాళ్లు ప్లేస్‌మెంట్ చూపిస్తే ఎంతమందికి వచ్చిందని మాత్రమే అడక్కండి. రెండేళ్ల తర్వాత వాళ్లలో ఎంతమంది అదే పనిలో ఉన్నారో అడగండి. ఈ ప్రశ్నకు ముఖం తిప్పుకునే కాలేజీకి ఫీజు కట్టొద్దు.

ఇంకొకటి నన్ను బాగా బాధపెడుతుంది. జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలను తెలుగు వచ్చు కదా అని ఊళ్లలో సర్వేలకు పంపుతారు. ఇంగ్లిష్‌లో రిపోర్టు రాసేది ఇంకొకరు, పేరు పడేదీ వాళ్లదే. దీని నుంచి బయటపడే దారులు రెండే: ఇంగ్లిష్‌లో సొంతంగా నాలుగు పేజీలు రాయగలగడం, లెక్కలకు, స్టాటిస్టిక్స్‌కు భయపడకపోవడం. ఇవి లేకపోతే పది లక్షల కోర్సు కూడా ఆమెను సర్వే ఫారాలు నింపే దగ్గరే ఆపుతుంది.

ఇప్పుడు మీతో నిష్ఠూరంగా మాట్లాడాలి. ఉత్తరంలో బావమరిది మాట రాశారు, పెళ్లి గురించి రాశారు, అర ఎకరం గురించి రాశారు. ఆ బిడ్డ ఇదే ఎందుకు చదవాలనుకుంటోందో ఒక్క వాక్యం లేదు. అడగలేదా? పెద్దబ్బాయి ఇంజనీరింగ్‌కు ఎంతయిందో కూడా రాయలేదు. ఆ రోజు ఏ బావమరిదినీ అడిగి ఉండరని నా నమ్మకం. పెద్దోళ్ల పిల్లల చదువట! ఫ్లోరైడ్ నీళ్లు ఒక్క గుక్క తాగనివాళ్లే ఆ నీళ్ల మీద నోట్ రాయాలా? పెళ్లి సంగతి మీ ఇంటి విషయం, నేను తలదూర్చను. కానీ రెండేళ్ల గడువు పెట్టి చదివిస్తే గ్రూప్స్ కూడా రావు.

సరే, పోలిక. గ్రూప్స్‌లో వస్తే స్థిరం, రాకపోతే చేతిలో ఏమీ మిగలదు. పాలసీలో తొందరగా ఏదో ఒక పని దొరుకుతుంది, స్థిరపడటానికి సమయం పడుతుంది. ఒకటి చదివితే రెండోది మూసుకుపోదు. గ్రూప్-1 మెయిన్స్‌లో ఎకానమీ, గవర్నెన్స్, వ్యాసం ఈ చదువుతో బలపడతాయి. ఆమె వయసుకు కంగారు అవసరం లేదు.

నా సలహా: ఈ కోర్సు కోసం అర ఎకరం అమ్మకండి. తక్కువలో అంతకన్నా మంచి దారులున్నాయి. నాకైతే మొదటిది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గానీ ఉస్మానియాలో గానీ ఎంఏ ఎకనామిక్స్. పాలసీనే కావాలంటే టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ క్యాంపస్, బెంగళూరు నేషనల్ లా స్కూల్ చూడండి. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ కూడా ఉంది. డిగ్రీతోనే, పార్లమెంటు పనితీరును అధ్యయనం చేసే పీఆర్ఎస్ సంస్థ ల్యాంప్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయొచ్చు. దాదాపు ఏడాది ఒక ఎంపీ దగ్గర పని, నెలనెలా స్టైపెండ్. ఊరి పని మీద ఇష్టముంటే ఉపాధి హామీ సోషల్ ఆడిట్ బృందాల పని దగ్గర నుంచి చూడమనండి. 2006లో ఆ పథకం మొదలైన తొలి విడత జిల్లాల్లో పాలమూరు, నల్గొండ రెండూ ఉన్నాయి. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) గ్రామసభలో చదివి వినిపించి లెక్క అడగడం కూడా పాలసీ పనే.

దరఖాస్తుల కన్నా ముందు ఆమెకో పని పెట్టండి. భగీరథ నల్లా ఇంటికొచ్చినా జనం ప్లాంట్ నీళ్ల క్యాన్లు ఎందుకు కొంటున్నారో మీ మండలంలో రెండు ఊళ్లు తిరిగి తెలుసుకోమనండి. మిషన్ భగీరథ ఇంజనీరును కలవాలి. నీటి పరీక్షల లెక్కలు అడగాలి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి, 30 రోజుల్లో జవాబు రావాలి. మీ దుకాణానికి వచ్చే రైతులనే ముందు అడగొచ్చు. తెలిసింది తెలుగులో నాలుగు పేజీలు, ఇంగ్లిష్‌లో రెండు పేజీలు రాయాలి. నెలన్నర పని. మధ్యలో విసుగొచ్చి వదిలేస్తే మీకు పది లక్షలు మిగిలినట్టు. చివరిదాకా చేస్తే ఆ పేజీలు నాకు పంపమనండి. ఈసారి ఉత్తరం మీరు రాయొద్దు, ఆమెనే రాయమనండి. డిగ్రీలో ఎకనామిక్స్ మార్కులు కూడా చెప్పమనండి.