ఎక్కేటప్పుడు కాదు, ఆగినప్పుడు చూసుకో

చిరంజీవి సుజాతకు పెదనాయన ఆశీస్సులు.

మీ నాయన్ని మే నెలలోనే అలిపిరి మెట్లు ఎక్కిస్తానని మొక్కుకున్నావంట. మొక్కు మానమని చెప్పను. కానీ 3,550 మెట్లు, 60 దాటిన ఒళ్లు, బీపీ, షుగరు, ఆపైన కత్తిరి ఎండలు. వేడికి గుండె ఏమవుతుందో తెలుసుకుని బయల్దేరు.

గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొట్టుకుంటుంది. వేగస్ నరం బ్రేకు వేసి పట్టుకోబట్టే కూర్చున్నప్పుడు 70 ఉంటుంది. ఒళ్లు వేడెక్కితే మెదడు ఆ బ్రేకు వదులు చేస్తుంది, సింపథెటిక్ నరాలు పైనుంచి తోలతాయి. లోపలి వేడి 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే చాలు, మెట్టు ఎక్కకపోయినా నాడి 8, 10 పెరుగుతుంది. వేడిని బయటికి నెట్టడానికి రక్తం చర్మానికి పరుగెత్తాలి గదా. మామూలుగా అక్కడికి నిమిషానికి అర లీటరు కూడా పోదు, బాగా వేడెక్కితే 6, 7 లీటర్లు పోగలదు. చెమట కూడా ఆ రక్తంలోని నీళ్లే.

ఎక్కేంతసేపూ పిక్కలు రక్తాన్ని పైకి పిండుతూనే ఉంటాయి. చిక్కంతా ఆగి నిటారుగా నిలబడినప్పుడే. రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, గుండెకు చేరేది తగ్గుతుంది, ఒక్కోసారి వేగస్ ఉన్నట్టుండి బ్రేకు గట్టిగా తొక్కేస్తుంది. నాడి, బీపీ రెండూ పడిపోయి మనిషి కూలబడతాడు. పైన క్యూలో కళ్లు తిరిగేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. అందుకని ఆగితే కూర్చోబెట్టు. క్యూలో మడమలు పైకెత్తి దించుతూ ఉండమను. ఆవలింతలు, వికారం, కళ్ల ముందు మసక మొదలైతే వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తు. చుట్టూ ఉన్నవాళ్లు చంకల్లో చేతులేసి నిలబెట్టబోతారు, ఒప్పుకోవద్దు. తల కిందికి ఉంటేనే మెదడుకు రక్తం అందుతుంది.

మాత్రల సంగతి. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి నాడిని పెరగనివ్వవు, కాబట్టి నాడి తక్కువుందని ధైర్యపడొద్దు. మాట్లాడుతూ ఎక్కగలుగుతున్నాడా అన్నదే చూడు. బీపీకి ఇచ్చే నీటి మాత్ర ఉంటే ఒళ్లు ముందే ఎండి ఉంటుంది. మీరై మీరు ఆపొద్దు, వారం ముందే డాక్టరును అడుగు. నీళ్లు ఎంత తాగొచ్చో కూడా అప్పుడే అడుగు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు లెక్క వేరు. ఏ అడ్డూ లేకపోతే 20 నిమిషాలకొక గ్లాసు, మధ్యలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ.

షుగరు పాతదైతే ఈ నరాలే దెబ్బతిని ఉండొచ్చు. పాదాలకు చెమట పట్టదు, నాడి పడుకున్నా లేచినా ఒకేలా ఉంటుంది. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ తియ్యి, నిలబెట్టి 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ తియ్యి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరు చూసేదాకా మెట్ల మాట వద్దు.

నడకదారి తెరవగానే మొదలుపెట్టి ఎండ ముదరకముందే పైకి చేరండి. దారిలో చాలా మేర పైకప్పు ఉంది, నీడకు మోసపోవద్దు. గాలి ఆడని ఉక్కలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కూర్చున్నాక 10 నిమిషాలకీ నాడి 100 దిగకపోతే ఆ రోజుకు నడక చాలు. ముఖాన చన్నీళ్లు కొడితే నాడి టక్కున తగ్గుతుంది, అది వేగస్ చేసే పని, లోపలి వేడి తగ్గినట్టు కాదు. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బే. చెమట పడుతున్నా సరే. 108కి ఫోన్ చెయ్యి, వాళ్లు వచ్చేలోగా ఒళ్లంతా తడిపి విసురు. జ్వరం మాత్ర వెయ్యొద్దు, ఈ వేడికి అది పనిచెయ్యదు.

రేపు పొద్దున్నే ఆ మూడు బీపీలూ తీసి నాకు పంపు. తేదీ అప్పుడు చూద్దాం.

మీ పెదనాయన