నాలుగు రోజులు, వెయ్యి కిలోమీటర్ల తీరం

ప్రశ్న: నమస్తే అండి. మాది హనుమకొండ. మా అత్తమ్మకు 66 ఏళ్లు, ఇంతవరకు సముద్రం చూడలేదు. మా పిల్లలిద్దరూ కూడా చూడలేదు, నేనైనా చిన్నప్పుడు ఒకసారి చెన్నైలో చూశానంతే. జనవరి చివర్లో మా ఆయనకు నాలుగు రోజులు సెలవు దొరికేలా ఉంది. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా, ఆంధ్ర సముద్రతీరం మొత్తం ఒకసారి చుట్టి రావాలని సూర్యలంక, అంతర్వేది, కోనసీమ, అన్నవరం, విశాఖ, అరకు, శ్రీకూర్మం అని రాసుకున్నాం. కారు మాట్లాడుకోవాలా, రైల్లో వెళ్లాలా? ఏ వరుసలో వెళ్తే అన్నీ కుదురుతాయి? అత్తమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అన్నీ కుదరవండి. మీ చిట్టా చదవగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు, అందుకే ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆయన కూడా అరవై దాటాక గానీ సముద్రం చూడలేదు. వ్యాను మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరాం, నాలుగు రోజుల్లో ఏడు ఊళ్లు, ప్లాను వేసింది నేనే. తిరిగొచ్చాక లెక్కేసుకుంటే ఆయన సముద్రం ఎదుట ఉన్నది మొత్తం మీద గంటన్నర కూడా లేదు, మిగతాదంతా వ్యానులోనే గడిచిపోయింది. ఒకచోట ఇసుకలో కూర్చుని "ఇంకాసేపు ఉందాంరా" అంటే, చీకటి పడకముందే తర్వాతి ఊరు చేరాలని నేనే చెయ్యి పట్టుకుని లేపాను. ఆ తర్వాత ఆయన్ని మళ్లీ తీసుకెళ్లడం నాకు కుదరలేదు. మీ అత్తమ్మగారికి అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఆంధ్ర తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. పైగా అది ఒకే తీరం కాదు, నా లెక్కలో మూడు. ఉత్తరాంధ్రలో తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా వచ్చేస్తాయి, కొండ దిగితే నీళ్లే. మధ్యలో గోదావరి, కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు నేల, కాలవలు, కొబ్బరితోటలు, మడ అడవులు. అక్కడ రైలు స్టేషను నుంచి సముద్రం దాకా వెళ్లడానికే చాలాచోట్ల సగం పూట పడుతుంది. ప్రకాశం, నెల్లూరు వైపు దిగితే పొడుగాటి ఇసుక, సరుగుడు తోటలు, చివర్లో పులికాట్ సరస్సు. మీ చిట్టాలో ఈ మూడింటిలో రెండున్నాయి, వాటికి తోడు సముద్రంతో సంబంధం లేని అరకు కూడా ఉంది. సూర్యలంకకీ శ్రీకూర్మానికీ మధ్యే 500 కిలోమీటర్లు పైన ఉంటుంది. నాలుగు రోజులకి ఒక్క తీరం చాలు. మీరు విశాఖ, శ్రీకాకుళం వైపు వెళ్లండి. రాత్రి రైలెక్కితే పొద్దునకి సముద్రం దగ్గర ఉంటారు, పెద్దావిడ ఉన్నప్పుడు అదే పెద్ద సుఖం.

కారు వద్దు. రానూపోనూ రెండు రోజులు రోడ్డు మీదే పోతాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ. వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది గానీ అందులో పడుకునే వీలుండదు, మోకాళ్ల నొప్పులున్న మనిషి అన్ని గంటలు కాళ్లు వేలాడేసి కూర్చోవడం కష్టం. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఆ రోజే చేయించుకోండి. ఇంకో విషయం, అయిదుగురికీ కలిపి ఒకే టికెట్ తీయకండి. 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి కింది బెర్త్ కోటా ఉంది, కానీ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే అది వర్తిస్తుంది. అత్తమ్మగారి టికెట్ విడిగా ఆ కోటాలో తీసి, మిగతావాళ్లు ఇంకో టికెట్ మీద అదే రైల్లో రండి. ఇంకో జాగ్రత్త, కొన్ని రైళ్లు విశాఖపట్నం స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. టికెట్ మీద దిగే స్టేషను పేరు చూసుకోండి, దువ్వాడ అని ఉంటే తెల్లవారుజామున సామానుతో ఇంకో పదిహేను కిలోమీటర్లు పైనే వెళ్లాలి.

మూడు రాత్రులూ ఒకే గదిలో ఉండండి. రోజూ పెట్టెలు సర్ది గది మారడం కంటే, ఒక రోజు దూరం వెళ్లినా రాత్రికి అదే మంచానికి తిరిగిరావడం పెద్దవాళ్లకి హాయి. ఆర్‌కే బీచ్ వైపు, రోడ్డుకు నడిచే దూరంలో, లిఫ్ట్ ఉన్న చోట తీసుకోండి. కిటికీలోంచి సముద్రం కనపడకపోయినా ఫర్వాలేదు, పొద్దున లేచి పది అడుగులు వేస్తే కనపడాలి, అది ముఖ్యం.

మొదటి రోజు ఏ ప్లానూ పెట్టుకోకండి. స్నానాలు, టిఫిను అయ్యాక ఆవిణ్ణి ఒడ్డుకు తీసుకెళ్లి, ఇసుకలో వేసుకోవడానికి మడత కుర్చీ ఒకటి దొరికితే అందులో కూర్చోబెట్టండి. పొడి ఇసుకలో నడిస్తే మోకాళ్లు ఇంకా లాగుతాయి, అందుకే తడి ఇసుక అంచు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అక్కడి నుంచి ఆవిడ ఇష్టానికి వదిలేయండి. ఎంతసేపు కూర్చుంటే అంతసేపు. సాయంత్రం పిల్లల్నీ మీవారినీ కురుసుర జలాంతర్గామి చూసి రమ్మనండి. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002లో మ్యూజియం అయిన నౌక అది, పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు. లోపల ఇరుకు, గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి కాబట్టి అత్తమ్మగారు వద్దు. సోమవారం మూసి ఉంటుంది. ఆవిడకీ మీకూ ఎదురుగా ఒడ్డు మీద మురీ మిక్చర్ దొరుకుతుంది.

రెండో రోజు భీమిలి రోడ్డు. దాదాపు 30 కిలోమీటర్లు, చాలా దూరం సముద్రం పక్కనే సాగుతుంది. మొత్తం ప్రయాణంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన రోజు ఇదే, ఆటో అయినా కారు అయినా పూటకి మాట్లాడుకుని నెమ్మదిగా వెళ్లండి. దారిలో రుషికొండ, తర్వాత తొట్లకొండ మీద రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ విహారం శిథిలాలు. కొండ మీద దాకా బండి వెళ్తుంది, అక్కడి నుంచి కింద సముద్రం చూస్తే ఆ భిక్షువులు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. అవి వేల ఏళ్లుగా గాలీ వానా చెక్కిన ఇసుక దిబ్బలు, రక్షిత ప్రదేశం, పిల్లల్ని అంచులెక్కనివ్వకండి, విరిగిన అంచు మళ్లీ రాదు. చివర భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల పాత సమాధులు. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఉంటే, పది పదిహేను మంది తాడు పట్టుకుని వల లాగడం చూడొచ్చు.

మూడో రోజు పొద్దున్నే శ్రీకాకుళం. 110 కిలోమీటర్ల దూరం, రెండున్నర గంటలు పడుతుంది. అరసవల్లి సూర్యదేవాలయం, అక్కడి నుంచి శ్రీకూర్మం. విష్ణువు కూర్మావతారంలో, పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలుంటాయి. ఒక్క హెచ్చరిక: జనవరి చివర్లో అంటున్నారు, రథసప్తమి ఒక్కో ఏడు అప్పుడే వస్తుంది. క్యాలెండర్ చూసుకోండి. ఆ రోజు అరసవల్లిలో జనం మధ్య ఆవిడ నిలబడలేరు. సాయంత్రం కళింగపట్నం వెళ్లండి. వంశధార సముద్రంలో కలుస్తుంది, లైట్‌హౌస్ ఉంది, విశాలమైన ఒడ్డు, విశాఖ రద్దీ ఉండదు. నీళ్లూ తినేవీ మీరే తీసుకెళ్లండి. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి.

నాలుగో రోజు పొద్దున సింహాచలం, గుడి దగ్గర దాకా బండి వెళ్తుంది. అప్పన్న ఏడాదిలో ఒక్క చందనోత్సవం రోజు తప్ప చందనం పూతలోనే ఉంటాడని ముందే చెప్పండి, లేకపోతే నిజరూపం కనపడలేదని ఆవిడ బాధపడొచ్చు. సాయంత్రం రైలు, ఆలోపు ఇంకోసారి ఒడ్డుకి.

అరకు ఈసారి మానేయండి. రానూపోనూ 200 కిలోమీటర్లు పైన, పొద్దున రైల్లో వెళ్తే ఆ రోజంతా దానికే పోతుంది, బొర్రా గుహల్లో మెట్లు చాలా. అదొక వేరే ప్రయాణం, దానికి విడిగా రెండు రోజులు పెట్టుకుని రావాలి. అన్నవరం కూడా అంతే. దిగి, కొండెక్కి, దర్శనం చేసుకుని మళ్లీ రైలు పట్టుకోవాలంటే టెన్షన్ తప్ప తృప్తి ఉండదు.

ఇక నీళ్ల సంగతి. ఇది మాత్రం మీవారికి చదివి వినిపించండి. విశాఖ తీరం చూడ్డానికి మెల్లగా ఉన్నట్టుంటుంది, నాలుగు అడుగులు వేయగానే లోతు వచ్చేస్తుంది, అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసుక లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. పిల్లలకి మోకాలి లోతు దాటనివ్వకండి, ఆ మోకాలు కూడా పిల్లాడిదే, మీది కాదు. ఫోన్‌లో ఫొటో తీస్తూ పిల్లల్ని కాపలా కాయడం కుదరదు, ఒకరు ఫొటో, ఒకరు కాపలా. నీళ్లకి వీపు పెట్టి నిలబడొద్దు.

ఇంకో చిన్న సంగతి, మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలో మునగడం ఇక్కడ కనపడదు, పైకి రావడమే కనపడుతుంది. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో పొడుస్తాడు, ఆరుకల్లా ఒడ్డున ఉండండి. సెలవు తేదీ కాస్త అటూ ఇటూ జరిపే వీలుంటే పౌర్ణమి కలిసేలా చూసుకోండి. పొద్దు గుంకే వేళకే నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు, ఎర్రగా, ఇంత పెద్దగా. అప్పుడు పోటు కూడా ఎక్కువే కాబట్టి కాస్త వెనక్కి జరిగి కూర్చోండి.

ప్రశ్న: మేం ముగ్గురు స్నేహితులం, నెల్లూరు. బైకుల మీద మూడు రోజుల్లో తడ నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం పక్కనే వెళ్లాలని ఉంది. దారి ఉందా?

జవాబు: సముద్రం పక్కనే ఏకధాటిగా వెళ్లే రోడ్డు లేదు తమ్ముడూ. 16వ నంబరు జాతీయ రహదారి లోపలగా పోతుంది, దాని మీద మూడు రోజులు లారీల మధ్య నడిపి, సముద్రం చూడకుండా ఇచ్ఛాపురం చేరతారు. దానికి బదులు ఒంగోలు దగ్గర 216 పట్టుకోండి. చీరాల, బాపట్ల, రేపల్లె, కృష్ణ మీద పెనుమూడి వంతెన, మచిలీపట్నం, నరసాపురం, అమలాపురం, యానాం, కాకినాడ, ఇలా రెండు డెల్టాలూ దాటిస్తుంది. మొదటి రాత్రి మచిలీపట్నం, రెండో రాత్రి అమలాపురం, మూడో రోజు కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు చూసుకుని ఆపేయండి. నరసాపురంలో వంతెన వైపు వెళ్లకుండా పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, మీద బైకులెక్కించి సఖినేటిపల్లి దాటండి, గోదావరి మీద ఆ కాసేపు చాలా బాగుంటుంది, అవతల అంతర్వేది దగ్గరే. చీకట్లో నడపొద్దు, డెల్టా రోడ్ల పక్కన కాలవలుంటాయి, చాలాచోట్ల గట్టు గోడ ఉండదు. బైకుల్ని రైల్లో వెనక్కి పంపాలనుకుంటే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ నకలు దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: నవంబరు రెండో వారానికి విశాఖ టికెట్లు తీసుకున్నాం, గది డబ్బులూ కట్టేశాం. తుపాన్ల కాలమని ఇంట్లో అందరూ భయపెడుతున్నారు. టీవీలో ఒకటో నంబరు హెచ్చరిక అని వస్తే మానుకోవాలా?
— నిజామాబాద్ నుంచి

జవాబు: భయం ఊరికే కాదు. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న, తిత్లీ శ్రీకాకుళం మీద పడింది 2018 అక్టోబరు 11న. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలే. కానీ ఒకటో నంబరు అంటే ఎక్కడో దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని ఓడలకి చెప్పే మాట, మీ రైలు ఆగిపోతుందని కాదు. రేవుల్లో ఎగరేసే ఈ హెచ్చరికలు 11 దాకా ఉంటాయి. మూడు, నాలుగు అంటే ఆ రేవుకే ఈదురుగాలుల ముప్పు. అయిదు నుంచి ప్రమాదం, ఎనిమిది నుంచి మహా ప్రమాదం. మూడు వచ్చిందంటే నేనైతే బయల్దేరను. ఒకటీ రెండూ ఉంటే రోజుకి రెండుసార్లు వాతావరణ శాఖ బులెటిన్ చూసుకుంటూ, తుపాను ఎటు తిరుగుతోందో గమనిస్తూ, బయల్దేరే ముందు రోజు నిర్ణయించుకోండి. అక్కడికి వెళ్లాక వస్తే గదిలోనే ఉండండి, అలలు చూడాలని ఒడ్డుకి మాత్రం వెళ్లొద్దు. ఫోన్లు చార్జి చేసుకుని, రెండు రోజులకి సరిపడా నీళ్లూ బిస్కెట్లూ మందులూ ముందే తెచ్చిపెట్టుకోండి. గదివాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి, హెచ్చరిక వస్తే తేదీ మారుస్తారా అని అడిగి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.