పిక్కల నొప్పికి గుండె పరీక్షలు ఎందుకు?

నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయని వెళ్లిన మీ మామయ్యగారికి కాలి ధమనుల్లో కొవ్వు పేరుకుందని చెప్పి, డాక్టరు గుండెకూ మెడ రక్తనాళాలకూ పరీక్షలు ఎందుకు రాశారని అడిగారు. మా నాన్నగారికీ ఇదే జరిగింది.

నాన్నగారికి షుగరు ఉంది, దానికి తోడు చుట్ట అలవాటు. వీధి చివరి పాలకేంద్రం చేరేలోపు కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయేది. కరెంటు స్తంభం పట్టుకుని కాసేపు నిలబడితే పూర్తిగా తగ్గి, మళ్లీ అంతే దూరం నడవగానే తిరిగి వచ్చేది. డాక్టరు పాదాల మీద నాడి చూస్తే ఎడమవైపు తగిలింది, కుడివైపు తగలలేదు. తర్వాత చీలమండ దగ్గర కొలిచిన బీపీని చేతి బీపీతో భాగించారు. ఆ నిష్పత్తి 0.9 లేదా అంతకంటే తక్కువ ఉంటే కాలి ధమని సన్నబడినట్టే లెక్క. షుగరు ఉన్నవారిలో ధమని గోడకు కాల్షియం పట్టి గట్టిపడితే ఈ అంకె ఉండవలసినదానికన్నా ఎక్కువ చూపవచ్చు కాబట్టి ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కానింగ్ కూడా చేయించారు.

ధమనుల్లో కొవ్వు పేరుకోవడాన్ని కుళాయి గొట్టంలో పట్టే పాచితో పోలుస్తుంటారు గానీ, ఆ పోలిక నాకు నచ్చదు. చెడు కొలెస్టరాల్ ధమని లోపొరలోకి చొరబడుతుంది, దాన్ని మింగిన రక్షకకణాలు అక్కడే పోగుపడతాయి, వాటిపై పీచులాంటి కప్పు ఏర్పడుతుంది. అంటే పూడిక గోడ మందంలోనే ఏళ్ల తరబడి పెరుగుతుంది. అందువల్ల నాళం పెద్దగా ఇరుకు కాకముందే ఆ కప్పు చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి, ముందస్తు సూచన ఏదీ లేకుండానే గుండెపోటు రావచ్చు. కాలిలో బయటపడిన జబ్బు గుండె, మెడ, మూత్రపిండాల ధమనుల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఈ రోగుల్లో కాలు పోగొట్టుకునేవారికన్నా గుండెపోటుకో పక్షవాతానికో గురయ్యేవారే ఎక్కువమంది. అందుకే ఆ పరీక్షలు.

ఆపరేషన్ అంటారేమోనని అమ్మ భయపడింది గానీ, నాన్నగారికి రాసినవి కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, నడక. నొప్పి బాగా పెరిగేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవమన్నారు. చుట్ట మానిపించడమే అన్నిటికన్నా కష్టమైంది. కొన్ని నెలలకు ఆయన పాలకేంద్రం దాటి రామాలయం దాకా ఆగకుండా వెళ్లగలిగారు.

మీ మామయ్యగారికి పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పెడుతున్నా, వేలి మీద పుండు మానకపోయినా తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు. కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోతే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి.