429 కోట్ల పైచిలుకు సంఖ్యను చేత్తోనే తేల్చొచ్చు

"ఒక పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో కంప్యూటర్ లేకుండా తెలుసుకోవచ్చా?" అని అడిగారు. తెలుసుకోవచ్చు. ఇంట్లో పిల్లలకు లెక్కలు చెబుతుంటాను కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నా. అయితే గుడ్డిగా భాగించుకుంటూ పోతే తెమలదు. వేటితో భాగించనక్కర్లేదో ముందు తెలియాలి.

4294967297 తీసుకోండి. 2 ఘాతం 32కి 1 కలిపితే వచ్చే సంఖ్య ఇది. 2 ఘాతం 1, 2, 4, 8, 16 అని ఘాతాన్ని రెట్టింపు చేస్తూ 1 కలిపే ఈ వరసలో దీనికి ముందున్న 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇదీ అంతేనని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. దీని వర్గమూలం 65536 దగ్గర ఉంటుంది, ప్రధాన సంఖ్య కాకపోతే అక్కడిలోపే దీన్ని భాగించేది ఒకటి దొరకాలి. అక్కడిదాకా ప్రధాన సంఖ్యలు ఆరు వేలకు పైనే, అన్నిటితో భాగించే ఓపిక ఎవరికుంటుంది? దీన్ని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలర్ నిరూపించాడు. ఆ షరతుకు మొదట నిలిచేవి 193, 257, 449, 577, 641. అంతే!

పోయిన వేసవిలో మా అన్నయ్య కూతురి చేత ఇది చేయించాను. పదో తరగతి పిల్ల. ఫోన్ పక్కన పెట్టించి పాత క్యాలెండర్ కాగితం ఇచ్చా. మొదటి నాలుగింటితో పోలేదు. 641 మొదలుపెట్టింది. 4294లో ఆరు సార్లు, మిగిలింది 448. 9 దించితే 4489, ఏడు సార్లు అంటే 4487, మిగిలింది 2. "అయ్యో బాబాయ్, రెండే ఎక్కువైంది!" అంది. ఆపకు, ఇంకా అంకెలున్నాయన్నా. 26, 267, రెండు చోట్లా సున్నా. 2672లో నాలుగు సార్లు, 1089లో ఒకసారి. మళ్లీ 448 మిగిలింది! ఈసారి దించాల్సిన అంకె 7. 4487 అని రాసి, పైన ఇందాక వేసిన 4487 వైపు చూసి, కేక పెట్టింది. శేషం సున్నా, భాగఫలం 6700417.

ఈ ఆనందం కోచింగ్ వాళ్లిచ్చే షార్ట్‌కట్ షీట్లలో ఎక్కడుంది చెప్పండి? మూడంకెల సంఖ్యతో భాగించమంటే టెన్షన్ పడే పదో తరగతి పిల్లల్ని ఎంతమందినో చూశాను. వాళ్ల తప్పేం లేదు. చిన్న తరగతుల్లో భాగహారం "అయిపోయింది" అనిపించి, ఆ తర్వాత ఎవరూ చేయించరు. బిట్లకు జవాబులు గుర్తించడమే చదువైపోయింది.

మరి 6700417 సంగతేంటని తనే అడిగింది. దాన్ని భాగించేది అసలు సంఖ్యనూ భాగిస్తుంది కాబట్టి అదే షరతు పనికొస్తుంది. వర్గమూలం 2588 దగ్గర. ఇందాక భాగించని ఆ నాలుగూ తీసేస్తే మిగిలేవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. వేటితోనూ పోలేదు, అది ప్రధాన సంఖ్యే.