ఈత రాకపోయినా ఫిగ్ ట్రీ బేలో స్నార్కెలింగ్ చేయొచ్చా?

చేయొచ్చండీ. స్నార్కెలింగంటే కళ్లకి మాస్క్, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని, నీళ్ల మీద తేలుతూ కిందున్నవి చూడటం. సెప్టెంబరులో సైప్రస్ వెళ్తున్నామని, మీకూ మీ ఆవిడకీ ఈత రాదని రాశారు. నేనూ అదే బాపతు. రెండేళ్ల కిందట అదే నెలలో, ప్రొటారస్‌లోని ఆ బీచ్‌లోనే మొదటిసారి మాస్క్ పెట్టుకున్నాను.

విశాఖలో మోకాలి లోతులోనే అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. అది చూసి పెరిగినవాణ్ని, నాకు సముద్రమంటేనే టెన్షన్. మధ్యధరాలో ఆటుపోట్లు నామమాత్రం. ఉప్పు కూడా మన బంగాళాఖాతం కన్నా ఎక్కువ, ఆ వైపు లీటరుకి దాదాపు 39 గ్రాములు. అందుకే ఒళ్లు ఇట్టే తేలుతుంది.

మొదటి అరగంట నడుము లోతులో నిలబడి, ముఖం నీళ్లలో పెట్టి నోటితో గాలి పీల్చడం ఒక్కటే చేయండి. గొట్టంలోకి నీళ్లొస్తే గట్టిగా ఊదితే పోతాయి. కంగారు పుడితే లేచి నిలబడటమే. నా మాస్క్‌లోకి నీళ్లు కారుతుంటే అద్దెకిచ్చినతన్ని తెగ తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నా మీసానిది! వెంట్రుకలుంటే మాస్క్ అంచు చర్మానికి అతుక్కోదట. మర్నాడు ముక్కు కింద సన్నగా గొరిగాక ఆగింది. ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

అసలు జాగ్రత్త లోతు గురించి కాదు, గాలి గురించి. ఆ తీరం తూర్పు ముఖం. పడమటి గాలి వీస్తే ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, కానీ ఆ గాలి తేలేదాన్నల్లా సముద్రం లోపలికి నెడుతుంది. ముఖం కిందికి పెట్టుకుని చేపలు చూస్తుంటే ఆ సంగతే తెలియదు. ఒడ్డు వెంబడే కదలండి, రెండు నిమిషాలకోసారి తలెత్తి మీ గొడుగు ఎక్కడుందో చూసుకోండి. గాలి ఊదిన పరుపులు, ప్యాడిల్ బోర్డులు ఆ గాలిలో వద్దే వద్దు. పెడల్ బోటైతే లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కండి.

ఇసుక మీద చేపలు తక్కువ, రాళ్ల దగ్గరే కనిపిస్తాయి. పగడపు దిబ్బల రంగులు ఆశించకండి, వాటికి అండమాన్ వెళ్లాలి. రాళ్ల మీద సీ అర్చిన్‌లు, అంటే నల్లటి ముళ్లబంతులు ఉంటాయి. ఒకటి తొక్కి సాయంత్రమంతా పట్టకారు పట్టుక్కూర్చున్నాను. రబ్బరు బూట్లు కొనుక్కోండి. చారల లయన్ ఫిష్ కనిపిస్తే చెయ్యి పెట్టకండి, ముళ్లలో విషం ఉంటుంది.

ఇద్దరూ ఒకేసారి దిగకండి. ఒకరు మాస్క్‌తో ఉంటే రెండోవారు పక్కన నిలబడి చూస్తుండాలి.