పర్చేజ్ సెక్షన్‌లో చేరుతున్న మేనల్లుడికి

బాబూ,

నిన్ను పర్చేజ్‌లో వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రూల్స్ రోజుకొకటి మారుతున్నాయని, ఎక్కడ సంతకం పెడితే ఎక్కడ ఇరుక్కుంటామోనని టెన్షన్ పడుతున్నావట. మారిన మాట నిజమే. నేను ఆ సీట్లో కూర్చున్న కొత్తలో 2005 నాటి జీఎఫ్ఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల ఖర్చులకు, కొనుగోళ్లకు ఉన్న నియమావళి, ఉండేది, 2017లో కొత్తది వచ్చింది, ఆ తర్వాత దాని మీద వరసగా ఆర్డర్లు. కానీ వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనపడేది ఒకటే: ఇదివరకు "రూల్ అలా ఉంది సార్" అని తప్పుకోగలిగిన చాలా చోట్ల ఇప్పుడు నిర్ణయం మన ఆఫీసు చేతిలోనే పెట్టారు. కాబట్టి ఎందుకు అలా నిర్ణయించామో మనమే రాయాలి, అదీ ఆ రోజే, ఆ ఫైల్లోనే.

సింగిల్ బిడ్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. శాంపిల్స్ దాచే పెద్ద ఫ్రీజర్‌కి టెండర్ పిలిస్తే ఒక్కటే బిడ్ వచ్చింది. స్పెసిఫికేషన్‌కి సరిపోయింది, రేటు మన అంచనా లోపలే ఉంది. అయినా ఆడిట్ వాళ్లు ఏమంటారోనన్న భయంతో నోట్‌షీట్ మీద "ఒకే బిడ్ వచ్చినందున రీటెండర్ చేయవచ్చు" అని ఒక్క లైన్ రాసి పైకి పంపాను, పైవాళ్లు సంతకం పెట్టేశారు. మళ్లీ పిలిచాం, మళ్లీ అదే కంపెనీ వచ్చింది, ఈసారి రేటు పెంచి. ఈలోగా ఒక శనివారం రాత్రి పాత ఫ్రీజర్ కంప్రెసర్ ఆగిపోయింది. సోమవారం పొద్దున తలుపు తీస్తే అడుగంతా నీళ్లు, ట్రేలలో లేబుళ్లు నాని ఊడి తేలుతున్నాయి. ల్యాబ్‌లో ఒక అమ్మాయి రెండేళ్లుగా పోగుచేసిన శాంపిల్స్ అవి. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ ట్రేలు ఒక్కొక్కటే తీసి సింకు పక్కన పెడుతూ ఉంటే నేను అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు నీకా ఇబ్బంది లేదు. 2021 అక్టోబర్ 29న ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా ఉంది: ప్రకటన సరిగ్గా ఇచ్చి, తగినంత గడువు పెట్టి, అర్హత షరతులు అనవసరంగా బిగించకుండా ఉంటే, రేటు మార్కెట్‌తో పోలిస్తే సమంజసంగా ఉంటే, ఒక్క బిడ్ వచ్చినా ఆ టెండర్ చెల్లుతుంది. రీటెండర్‌కి ఖర్చవుతుందని, పని ఆలస్యమవుతుందని, రేటు పెరగొచ్చని కూడా అందులోనే రాశారు. నువ్వు చేయాల్సింది ఆ అంశాలు ఒక్కొక్కటీ పట్టుకుని, మన కేసులో ఎలా సరిపోయాయో నాలుగు వాక్యాలు రాయడం. రేటు సమంజసమని ఊరికే అనకు. ఎవరు ఎప్పుడు ఎంతకు కొన్నారో కాగితం జత చెయ్.

అదే సూచనల్లో, రేటు ఒక్కటే కాకుండా నాణ్యతకీ మార్కులు వేసే పద్ధతిని నిర్మాణం లాంటి పనులకు, కన్సల్టెన్సీ కాని సర్వీసులకు కూడా తెరిచారు. అయితే నాణ్యత వాటా 30 శాతం దాటకూడదు, సర్వీసులైతే అంచనా విలువ 10 కోట్లు మించకూడదు, ముందే పై అధికారి ఆమోదం ఉండాలి. మార్కులు ఎలా వేస్తారో టెండర్ డాక్యుమెంట్‌లోనే చెప్పాలి. బిడ్లు తెరిచాక కొత్త కొలమానం తెస్తే అది అన్యాయం, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా సరే.

పాత టెండర్‌ని కాపీ కొట్టి తేదీలు మార్చే అలవాటు ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది, దాని జోలికి పోకు. 2020లోనే ఎన్ని మారాయో చూడు. 200 కోట్ల వరకు గ్లోబల్ టెండర్, అంటే విదేశీ కంపెనీలనూ పిలిచే టెండర్, పిలవకూడదన్నారు, భూసరిహద్దు పంచుకునే దేశాల బిడ్డర్లకు రిజిస్ట్రేషన్ షరతు వచ్చింది, మేక్ ఇన్ ఇండియా ఆర్డర్‌లో సరుకు విలువలో స్థానికంగా చేరిన వాటా 50 శాతమో ఆపైనో ఉంటే ఆ సప్లయర్ క్లాస్ వన్, 20 నుంచి 50 లోపు ఉంటే క్లాస్ టూ అని విడగొట్టారు. ఇక ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో దొరికే వస్తువుని మామూలుగా బయట కొనకూడదు. దొరకదనుకుంటే ఆ పోర్టల్ ఇచ్చే రిపోర్ట్ ఫైల్లో ఉండాల్సిందే. పెద్ద కొనుగోలుని ముక్కలు చేసి పైవాళ్ల ఆమోదం తప్పించుకునే పని, ఎవరు చెప్పినా, చేయకు.

బిల్లుల విషయంలో మాత్రం నా మాట కాస్త గట్టిగా విను. చిన్న సప్లయర్లు మన సెక్షన్ గుమ్మం దగ్గర నిలబడి, "సార్, మా బిల్లు" అంటూ ఫోల్డర్ రెండు చేతులతో పట్టుకుని అడుగుతారు, ఫైల్ పైవాళ్ల దగ్గర ఉందని మనం చెప్తాం. ఆ మాట నేనూ చాలాసార్లు చెప్పాను. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు 3 రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పనుల కాంట్రాక్టుల్లో అయితే పని నడుస్తుండగా పెట్టే రన్నింగ్ బిల్లులో 75 శాతానికి తగ్గకుండా 10 పనిదినాల్లో ఇచ్చేయమని 2021 సూచనలు. బిల్లు వచ్చిన తేదీ రిజిస్టర్‌లో నీ చేత్తో రాయి, రోజులు లెక్కపెట్టు. వాళ్లు అప్పు తెచ్చి మనకి సరుకు ఇస్తారురా.

చేరిన మొదటి వారంలో మీ పాత కాంట్రాక్ట్ ఫార్మాట్ తీసి ఆర్బిట్రేషన్ క్లాజ్, అంటే వివాదం వస్తే కోర్టు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే షరతు, చూడు. 2024 జూన్ 3 నాటి మార్గదర్శకాల ప్రకారం ప్రతి కాంట్రాక్ట్‌లో దాన్ని అలవాటుగా పెట్టేయకూడదు, పెట్టినా మామూలుగా 10 కోట్ల లోపు వివాదాలకే. మీ ఫార్మాట్‌లో ఇంకా పాతదే ఉంటే మీ సెక్షన్ ఆఫీసర్‌కి నోట్ పెట్టి మార్పించు. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్, ఖాళీగానే ఉంటాను.

మీ మామయ్య