కంప్యూటర్ సందేహాలు: జాబితాలో ఉన్న టేబుల్ సర్వర్‌కు ఎందుకు కనిపించదు?

ప్రశ్న: మా మామిడి మండీలో తూకం చీటీలు, రైతుల చెల్లింపులు రాసుకోవడానికి మా అబ్బాయి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో, సమాచారాన్ని టేబుళ్లుగా (పట్టికలుగా) దాచే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో ఒక ప్రోగ్రామ్ తయారు చేశాడు. ఇంట్లోని విండోస్ కంప్యూటర్‌లో అది రెండు సీజన్లు నిక్షేపంగా నడిచింది. దాన్ని అద్దెకు తీసుకున్న లైనక్స్ సర్వర్‌లోకి మార్చగానే ‘రైతుఖాతా’ అనే టేబుల్ లేదంటూ 1146 నంబరు ఎర్రర్ వస్తోంది. సర్వర్‌లోని టేబుళ్ల జాబితాలో చూస్తే ఆ టేబుల్ ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఎర్రర్‌లో కనిపించే పేరును, జాబితాలోని పేరును పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. మీ అబ్బాయి ‘రైతుఖాతా’ను ఇంగ్లీషులో రాస్తూ ‘ఆర్’, ‘కె’ అక్షరాలను క్యాపిటల్‌లో పెట్టి ఉంటాడు. జాబితాలో మాత్రం అన్నీ చిన్న అక్షరాలే ఉంటాయి. మన లిపిలో పెద్దా చిన్నా అక్షరాల భేదం లేదు కాబట్టి ఈ తేడా మన కంటికి తొందరగా ఆనదు.

మైఎస్‌క్యూఎల్ ఒక్కో డేటాబేస్‌ను ఒక్కో ఫోల్డర్‌గా, మామూలుగా ఒక్కో టేబుల్‌ను ఒక్కో ఫైలుగా దాస్తుంది కాబట్టి, పేర్లలో ఈ భేదాన్ని పట్టించుకోవాలా వద్దా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ల పేర్లను చూసే తీరును బట్టి ఉంటుంది. దీనికి ‘లోయర్ కేస్ టేబుల్ నేమ్స్’ అనే సెట్టింగ్ ఉంది. మామూలుగా దాని విలువ లైనక్స్‌లో 0, విండోస్‌లో 1, మ్యాక్‌లో 2. విలువ 1 అయితే మీరు ఎలా రాసినా పేరు చిన్న అక్షరాల్లోనే నిల్వ అవుతుంది, ఎలా అడిగినా దొరుకుతుంది. మీ బ్యాకప్‌లోకి ఎక్కింది ఆ చిన్న అక్షరాల పేరే. లైనక్స్ సర్వర్‌లో అదే పేరుతో టేబుల్ ఏర్పడింది, ప్రోగ్రామ్ మాత్రం ఇంకా క్యాపిటల్ అక్షరాలతోనే వెతుకుతోంది.

లైనక్స్‌లో కూడా ఆ విలువను 1 చేస్తే సరిపోదా అని మీకు తోచవచ్చు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి దాన్ని సర్వర్‌ను మొట్టమొదట సిద్ధం చేసేటప్పుడే నిర్ణయించాలి. తరువాత మారిస్తే సర్వర్ మొదలుకానే కాదు. పైగా అద్దె సర్వర్‌లో ఆ మీట సాధారణంగా మీ చేతిలో ఉండదు. సర్వర్‌లోని టేబుళ్ల పేర్లనే ప్రోగ్రామ్‌కు తగినట్టు మార్చడం పది నిమిషాల పనే కానీ, ఇంటి నుంచి మళ్లీ బ్యాకప్ ఎక్కించిన రోజున కథ మొదటికొస్తుంది.

అందువల్ల ప్రోగ్రామ్‌నే సరిదిద్దమని నా సలహా. అందులో టేబుళ్ల పేర్లన్నీ జాబితాలో ఉన్నట్టే చిన్న అక్షరాల్లో రాయించండి. కాలమ్ (టేబుల్‌లోని నిలువు వరుస) పేర్ల జోలికి వెళ్లనక్కరలేదు, వాటికి ఏ సిస్టమ్‌లోనూ ఈ పట్టింపు లేదు. క్వెరీలో (డేటాబేస్‌ను సమాచారం అడిగే వాక్యంలో) టేబుల్‌కు పెట్టుకునే పొట్టిపేరును మాత్రం వదలకండి: ఒకచోట క్యాపిటల్ ‘ఆర్’ అని, అదే క్వెరీలో ఇంకోచోట చిన్న ‘ఆర్’ అని రాస్తే విండోస్ ఊరుకుంటుంది, లైనక్స్ ఒప్పుకోదు.

రోజూ తెరిచే పేజీల్లో తప్పు ఎలాగూ బయటపడుతుంది. ఏడాదికొకసారి తీసే రైతువారీ లెక్క, అడ్వాన్సుల మినహాయింపు వంటి పేజీలను తోతాపురి లోడ్లు మండీకి రాకముందే సర్వర్‌లో ఒక్కొక్కటిగా తెరిచి చూడమని మీ అబ్బాయికి చెప్పండి.